ఇద్దరు మల్లయ్యలు, ఒక్క వరుస

2010 జూన్‌లో నన్ను సంగారెడ్డి నుంచి సిద్దిపేటకు బదిలీ చేశారు. నా హోదా స్టాటిస్టికల్ అసిస్టెంట్. ఇలాంటి పోస్టు ఒకటి ఉంటుందని ఆరోగ్య శాఖలో పనిచేసేవాళ్ళకే సరిగ్గా తెలియదు. డాక్టరు రోగిని చూస్తాడు, నర్సు సూది వేస్తుంది. ఎంతమందిని చూశారు, ఎంతమందికి వేశారు అన్నది రాసి, సరిచూసి పైకి పంపేది మేము. మా కింద పనిచేసేవాళ్ళు ఎవరూ ఉండరు గాని, తప్పు జరిగితే మొదటి మెమో మాత్రం మాకే వస్తుంది.

అప్పటికి సిద్దిపేట జిల్లా కాలేదు. మెదక్ జిల్లాలో ఒక డివిజన్ కేంద్రం, అంతే. నేను చేరింది టీబీ కార్యక్రమం చూసే ఒక చిన్న కార్యాలయంలో. అందులో నలుగురం. పైన మెడికల్ ఆఫీసరు, మందుల నిల్వ చూసే ఫార్మసిస్టు, ఊళ్ళు తిరిగే సూపర్వైజర్ రషీద్, లెక్కలకు నేను. రషీద్ సిద్దిపేటలోనే పుట్టి పెరిగిన మనిషి. ఇంట్లో ఉర్దూ, ఊళ్ళో తెలుగు. కుకునూరుపల్లి నుంచి తొగుట దాకా అతని బండి వెళ్ళని పల్లె లేదు. ఏ ఇంట్లో ఎవరు దగ్గుతున్నారో అతనికి రిజిస్టరు చూడకుండానే తెలుసు.

టీబీ మందు సంగతి కొంచెం చెప్పాలి. అప్పటి పద్ధతిలో కొత్త రోగికి ఆరు నెలల మందు. వారానికి మూడు రోజులు, అదీ ఆశ కార్యకర్త కళ్ళ ముందే మింగాలి. ఆశ అంటే ఆ ఊరి ఆడమనిషే, శాఖ తరఫున ఇంటింటికీ తిరిగేది. మొదటి రెండు నెలలూ మందు ఎక్కువ, తర్వాతి నాలుగు నెలలూ తక్కువ. మధ్యలో మానేసినా, సగం సగం మింగినా జబ్బు చావదు. పైపైన అణిగి, తర్వాత మొండిగా తిరగబెడుతుంది. అందుకే మా ఉద్యోగంలో ‘తప్పిన డోసు’ అన్న మాటకు అందరూ భయపడేవాళ్ళు.

2011లో వానలు తగ్గుముఖం పట్టే వేళకు పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. రోగుల సంఖ్య ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తోందని, రోగి ఒక్కరికి పట్టికలో వరుస ఒక్కటే ఉండాలని దాని సారాంశం. ఆ మాట నిజమే. సిద్దిపేటలో పరీక్ష చేయించుకున్న మనిషి పేరు ఇక్కడ ఒకసారి ఎక్కేది. మందు కోసం అతన్ని సొంత ఊరి ఆరోగ్య కేంద్రానికి పంపితే అక్కడ మళ్ళీ ఎక్కేది. అన్ని కేంద్రాల పట్టికలూ కలిపితే ఒక్క మనిషి ఇద్దరయ్యేవాడు. అన్నీ ఒకచోట చేర్చి, జంట వరుసలు తీసేసే పని నాకు అప్పగించారు.

నేను వాడింది పట్టికలను ప్రశ్నలడిగే ఒక మామూలు సాఫ్ట్‌వేర్. మనం రాసే ప్రశ్నను క్వెరీ అంటారు. ఈ పేరు ఎన్నిసార్లు వచ్చిందో చెప్పమంటే చెబుతుంది, రెండోసారి వచ్చినదాన్ని తీసెయ్యమంటే తీసేస్తుంది. గుడ్డిగా తీసెయ్యమనకూడదు కాబట్టి షరతులు పెడతాం. నేను పెట్టిన షరతులివి. రోగి పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఊరు ఒకటై ఉండాలి. వయసులో తేడా రెండేళ్ళు మించకూడదు. ఇవన్నీ కలిస్తే ఆ రెండు వరుసలూ ఒకే మనిషివి. వాటిలో మందు మొదలుపెట్టిన తేదీ కొత్తగా ఉన్నదాన్ని ఉంచి, పాతదాన్ని తీసెయ్యాలి. పాత వరుస సాధారణంగా బదిలీకి ముందుది అయి ఉంటుంది గనుక ఆ చివరి షరతు. కాగితం మీద ఇప్పుడు చూసినా తప్పు పట్టడానికి ఏమీ కనిపించదు.

క్వెరీ నడవాలంటే ముందు పేర్లు ఒక తీరుకు రావాలి. అవి ఏ తీరునా లేవు. ఒకచోట పెద్ద ఎల్లయ్య, ఇంకోచోట ఎల్లయ్య పెద్ద. ఒకరు చిన్న అని పూర్తిగా రాశారు, ఒకరు ‘చి’ అని చుక్క పెట్టారు, ఇంకొకరు అసలు రాయనే లేదు. ఒకే మనిషి పేరు మూడు చోట్ల మూడు రకాలు. బియ్యంలో వడ్లగింజలు ఏరేదానికి ఎంత చిరాకో నాకు అంత చిరాకు పుట్టింది. పెద్ద, చిన్న, నడిపి అన్న మాటలను, వాటి పొడి అక్షరాలను అన్ని పేర్ల నుంచీ ఒక్క ఆదేశంతో తుడిచేశాను. పట్టిక శుభ్రంగా కనిపించింది. నా పని మీద నాకు కొంచెం గర్వం ఉండేది, దాచుకోను.

అదే వారం సమ్మె మొదలుకాబోతోంది. తెలంగాణ కోసం ఉద్యోగులంతా పనులు ఆపాలని పిలుపు. ఊరు ఊరంతా ఆ మాటే. నేను కూడా సంఘం సభ్యురాలినే, సమ్మె టెంటులో ఎక్కడ కూర్చోవాలో కూడా అప్పటికే అనుకున్నాం. ఉప కేంద్రాల నర్సులూ సమ్మెలోకి వస్తున్నారు కాబట్టి రోగులకు మందు ఆగకుండా మెడికల్ ఆఫీసరు ఒక ఏర్పాటు చేశారు. నెలకు పైబడి సరిపోయే మందును పేరుపేరునా పొట్లాలు కట్టి ముందే ఆశలకు పంపాలి. ఏ పేర్లకు పంపాలో నా పట్టిక నుంచే జాబితా ముద్రించాలి.

సమ్మెకు ముందు రోజు క్వెరీ నడిపాను. తీసేసిన వరుసలు మూడు కాగితాలకు వచ్చాయి. రషీద్ బల్ల పక్కన నిలబడి వాటిని చూశాడు.

“మేడమ్, తీసేసిన పేర్లు ఒకసారి నాకు సదివి ఇనిపియ్యున్రి. నాకు పేర్లు గాదు, మొకాలు యాదికుంటయి” అన్నాడు.

సాయంత్రానికి జాబితా ఫార్మసిస్టు చేతిలో ఉండాలి. మూడు కాగితాలు చదవడానికి గంట కూడా పట్టదు. అయినా నేను, కంప్యూటర్‌కు మొహాలతో పని లేదు రషీద్ భాయ్, అన్నాను. పొట్లాలు కట్టారు, పంపారు, మరునాడు కార్యాలయానికి తాళం పడింది.

సమ్మె రోజులు నాకు బాగా గుర్తున్నాయి. బస్సులు లేవు, బడులు లేవు. రోడ్ల మీదే వంటలు, రోడ్ల మీదే భోజనాలు. ఆ ఏడు బతుకమ్మను కూడా నడిరోడ్డు మీదే ఆడాం. మన ఊళ్ళ సంగతి మనకే తెలుస్తుంది, ఎక్కడో కూర్చున్నవాళ్ళకు ఏం తెలుసు అని మైకులో నేను కూడా ఒకరోజు మాట్లాడాను. చప్పట్లు కొట్టారు.

నాలుగో వారంలో రషీద్ టెంటు దగ్గరికి వచ్చి నన్ను పక్కకు పిలిచాడు. మందుల పనికి అతనికి సమ్మె నుంచి వెసులుబాటు ఉంది గాని, చాలా రోజులు బండిలో పెట్రోలు లేక ఇంట్లోనే ఉన్నాడు. ఎక్కడో సీసాలో పోయించుకుని అంతకు ముందు రోజు తొగుట వైపు వెళ్ళి వచ్చాడు. చేతిలో ఒక టీబీ కార్డు ఉంది. రోగి మందు మింగిన రోజున ఆశ అందులో గుర్తు పెడుతుంది. ఈ కార్డులో గడికి ఒక అక్షరం ఉంది. ఒక గడిలో ‘పె’, తర్వాతి గడిలో ‘చి’, మళ్ళీ ‘పె’, మళ్ళీ ‘చి’.

“మల్లయ్యలు ఇద్దరు మేడమ్, అన్నదమ్ములు. ఒక్క పొట్లమే పోయింది. ఇద్దరు పంచుకొని మింగుతున్నరు” అన్నాడు.

కార్డు అందుకుని గడులన్నీ మళ్ళీ చదివాను.

మరునాడు పొద్దున్నే రషీద్ బండి వెనక కూర్చుని ఆ ఊరికి వెళ్ళాను. సంచిలో ఫార్మసిస్టుతో మందుల గది తెరిపించి కట్టించిన రెండు పొట్లాలు, ఒక్కొక్కటి ఒక్కొక్కరిది. దారిలో ముళ్ళకంప అడ్డం వేసి ఉన్నచోట రషీద్ మందుల సంచి చూపిస్తే వాళ్ళే కంప జరిపి దారి ఇచ్చారు. తొగుట దాటాక మట్టి రోడ్డు. ఊరి చివర గొర్రెల దొడ్డి పక్కన వాళ్ళ ఇల్లు. అన్న పెద్ద మల్లయ్య, తమ్ముడు చిన్న మల్లయ్య. ఇద్దరూ గొర్రెల కాపరులే. ఆశ పేరు లక్ష్మి. మేము వచ్చామని తెలిసి చేతిపని వదిలి పరుగున వచ్చింది.

లక్ష్మి రాగానే గట్టిగా అడిగింది. ఆమె కోపంలో న్యాయం ఉంది.

“నాలుగొద్దులు ఆఫీసుకు ఫోన్ జేసిన మేడమ్. రింగయితది, ఎవరెత్తరు. లిస్టుల ఒక్క పేరే ఉండె. పెద్దాయనకు కోర్సు అయిపోయిందని మీరే తీసేసిన్రేమో అనుకున్న. అయిపోలేదని నా కార్డు చెప్తుంది. ఏం జెయ్యాలె?”

జరిగింది ఇది. పెద్ద మల్లయ్య అప్పటికి నాలుగో నెల మందులో ఉన్నాడు. చిన్న మల్లయ్యకు మందు మొదలై రెండు వారాలే. నా షరతు ప్రకారం కొత్త తేదీ ఉన్న తమ్ముడి వరుస నిలిచింది, అన్న వరుస పోయింది. వచ్చిన పొట్లం తమ్ముడిది, మొదటి నెలల ఎక్కువ మందు. అన్న తనకు వద్దన్నాడు, తనకు కొంత నయమైంది గనుక తమ్ముడే మింగాలన్నాడు. తమ్ముడు ఒప్పుకోలేదు. అన్న మింగకపోతే తనూ మింగనని మొండికేసి రెండు రోజులు మందు ముట్టలేదు. పూర్తిగా మానడం కంటే పంచుకోవడం నయమని లక్ష్మి ఒప్పుకుంది. ఒక రోజు అన్న, ఒక రోజు తమ్ముడు. ఆమె ఎదుటే మింగారు. ఎవరు ఏ రోజు మింగిందీ దాచకుండా రాసింది. నాలుగు వారాల్లో ఇద్దరికీ చెరి సగం అందింది. ఇద్దరికీ జబ్బును మొండి చెయ్యడానికి అంతకంటే మంచి దారి లేదని మాకు శిక్షణలో చెప్పేవారు. అది చిన్న మల్లయ్యకు ఎవరూ చెప్పలేదు.

ఎందుకలా చేశావని అడిగితే అతను నావైపు వింతగా చూశాడు.

“అన్నం తలె ఒక్కటే ఉంటె ఇద్దరం తింటలేమా? మా అన్న సూసుకుంట కూసుంటె నేనొక్కన్నే ఎట్ల మింగుత?”

అన్నం వేరు, మందు వేరు అని రషీద్ నెమ్మదిగా చెప్పాడు. తర్వాత నేను ఆ ఇద్దరికీ, లక్ష్మికీ ఉన్నది చెప్పాను. ఇద్దరి పేరూ, తండ్రి పేరూ, ఊరూ ఒకటిగా ఉండటం చూసి ఒక్కరేననుకొని ఒక పేరు నేనే తీసేశానని, సర్కారు కాదు, సమ్మె కాదు, నేనే అని. వయసు కూడా ఇద్దరికీ నలభై అయిదే రాసి ఉంది. పుట్టిన తేదీలు తెలియని ఇళ్ళలో మా వాళ్ళు అందాజుగా అయిదుకో పదికో సరిచేసి రాస్తారు. ఆ సంగతి నాకు తెలియనిది కాదు.

పెద్ద మల్లయ్య తమ్ముడి వైపు చూశాడు.

“మా అవ్వ కొమురెల్లి మల్లన్నకు మొక్కుకున్నది. నేను పుడితె నాకు ఆ పేరు పెట్టింది. వీనికి పురిట్లనే పానం మీదికొస్తె మల్ల మొక్కి వీనికీ గదే పెట్టింది. ఇద్దరికి ఒక్క పేరు పెట్టినందుకు మా అవ్వననాలె, మిమ్ములనేమంటం” అన్నాడు.

నన్ను తేలికపరచడానికే అన్నాడు. నేను తేలికపడలేదు. ఆ తల్లి నలభై ఏళ్ళు ఇద్దరినీ పిలిచింది, ఒక్కరోజు పొరబడలేదు. ఆ ఊళ్ళో ఎవరూ పొరబడలేదు. పెద్ద, చిన్న అన్న ఆ రెండు మాటలతోనే వాళ్ళు ఇద్దరుగా బతికారు. నేను తుడిచింది సరిగ్గా ఆ రెండు మాటలనే. ఇంకా సిగ్గుపడే సంగతి ఒకటుంది. మా నాయిన పేరు రాజయ్య. మా పెదనాయిన పేరూ రాజయ్యే. చిన్నప్పుడు ఇంటికి ఉత్తరం వస్తే ఏ రాజయ్యకు అని పోస్ట్‌మ్యాన్ గడపలోనే అడిగేవాడు. నా ఇంట్లో ఉన్న సంగతే తెర మీద చెత్తలాగా కనిపించింది నాకు.

సిద్దిపేటకు తిరిగొచ్చి, మా ఇంటి దగ్గర రషీద్‌ను కూర్చోబెట్టి, తీసేసిన పేర్లున్న ఆ మూడు కాగితాలూ పైకి చదివాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. ఒక్కో పేరుకు అతను ఒక్కరే అనో ఇద్దరు అనో చెబుతూ పోయాడు. గంట పట్టలేదు. ఇంకో మూడు చోట్ల నేను ఇద్దరిని ఒక్కరు చేశాను. అక్కడ పేరు పోయినవాళ్ళ మందు అప్పటికే పూర్తయి ఉండటం వల్ల నష్టం జరగలేదు.

మెడికల్ ఆఫీసరుకు లిఖితపూర్వకంగా తెలియజేశాను. ఆయన మంచి మనిషి. సమ్మె వల్ల మందు అందడంలో అంతరాయం అని రాస్తే సరిపోతుందని, ఆ నెలలో అందరూ అదే రాస్తున్నారని, ఎవరికీ ఇబ్బంది ఉండదని సూచించారు. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు అయిపోయేది. కాని వరుస పోయింది సమ్మెకు ముందు రోజు. సమ్మె చెయ్యని నష్టాన్ని సమ్మె నెత్తిన పెట్టడం నాకు ఒప్పలేదు, అది నేను కూర్చున్న టెంటు. పైకి వెళ్ళే నివేదికలో ఉన్నది ఉన్నట్టే రాశాను. మెమో వచ్చింది, సంజాయిషీ ఇచ్చాను, హెచ్చరికతో వదిలారు.

చిన్న మల్లయ్యకు రెండు నెలల తర్వాత కళ్ళె పరీక్షలో ఇంకా క్రిములు కనిపించాయి. ఎక్కువ మందు మరో నెల పొడిగించారు. ఆలస్యంగానైనా పూర్తిగా నయమైంది. పెద్ద మల్లయ్యకు పరీక్ష బాగానే వచ్చింది, మిగిలిన మందు పూర్తి చేశాడు. మరుసటి ఏడు వానల్లో మళ్ళీ దగ్గు మొదలైంది. తిరగబెట్టిన జబ్బుకు అప్పటి పద్ధతిలో మందుతోపాటు రెండు నెలలు సూదులు వేసేవారు. ఆ సూది కొందరి చెవులను దెబ్బతీస్తుందని పుస్తకంలో ఉంటుంది. జబ్బు పోయింది, చెవులూ పోయాయి. ఆ నాలుగు వారాల వల్లే తిరగబెట్టిందని గట్టిగా చెప్పలేమని డాక్టరు నాతో అన్నారు. నిజమే, చెప్పలేం. కాదని కూడా చెప్పలేం. ఆ ఓదార్పు నేను తీసుకోలేదు.

2013లో వేరే పని మీద తొగుటకు వెళ్ళినప్పుడు ఆ ఇంటికి వెళ్ళాను. చిన్న మల్లయ్య గొర్రెల వెంట వెళ్ళి ఉన్నాడు. మెడగంటల చప్పుడు వినలేని మనిషి మందను కాయలేడు కాబట్టి పెద్ద మల్లయ్య ఇంటి దగ్గరే ఉంటున్నాడు. నన్ను గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. కూర్చోమని సైగ చేశాను. వినపడనివాళ్ళు మాట్లాడినట్టే గట్టిగా మాట్లాడాడు. ఆరోగ్యం బాగుందని, తిండి సయిస్తోందని చెప్పాడు. తర్వాత చిన్నగా నవ్వి, తమాషా సంగతి చెబుతున్నట్టు అన్నాడు.

“మొదలు గట్టు మీదికెల్లి ఎవరన్న మల్లయ్యా అని పిలిస్తె ఇద్దరం పలుకుతుంటిమి మేడమ్. ఇప్పుడు ఒక్కడే పలుకుతుండు.”

నేను వచ్చానని విని వచ్చిన లక్ష్మి ఇచ్చిన మంచినీళ్ళు తాగి వచ్చేశాను.

రాష్ట్రం వచ్చాక మరికొన్నాళ్ళు పనిచేసి పదవీ విరమణ చేశాను. ఆ మధ్యకాలంలో నా బల్ల మీద పని పద్ధతి మారింది. జంట వరుసలని క్వెరీ చెప్పినవాటిని నేను తీసెయ్యడం మానేశాను. పక్కన ఒక కాలమ్ పెట్టి గుర్తు మాత్రం పెట్టేదాన్ని. ఇద్దరి మందు తేదీలు ఒకదాని మీద ఒకటి పడితే, వాళ్ళు ఇద్దరు అని రుజువయ్యేదాకా కాదు, ఒక్కరే అని రుజువయ్యేదాకా రెండు వరుసలూ ఉండేవి. గుర్తు పెట్టిన పేర్లను ఆ ఊరి మనుషులను చూసినవాళ్ళకు పైకి చదివి వినిపించేదాన్ని. దానికి నెలకు ఒక గంట పట్టేది. నా స్థానంలోకి వచ్చిన అమ్మాయికి చార్జీ అప్పగించిన రోజు ఆ గంట ఎందుకని అడిగింది. నేను బీరువాలోంచి లక్ష్మి రాసిన కార్డు నకలు తీసి చూపించాను. పేరులో పెద్ద అని ఉన్నా, చిన్న అని ఉన్నా, దాన్ని తుడవవద్దని చెప్పాను.